చేపల లోడు పికప్‌కు ఎయిర్ బ్యాగుల ఎత్తు సరిచేసుకునే విధానం

భీమవరం, పాలకొల్లు, రాజోలు ప్రాంతాల్లో చేపల ట్రేలూ ఐసూ మోసే పికప్ బండ్లకు, వెనుక కమాను పట్టీలకు తోడుగా రెండు ఎయిర్ బ్యాగులు (బరువు మోయడానికి గాలి నింపే రబ్బరు సంచులు) బిగించుకుని, క్యాబిన్‌లో రెండు ముళ్ల మీటరూ స్విచ్చులూ పెట్టించుకునేవారి కోసం ఈ వివరణ. ఈ మాన్యువల్ అమరికలో ఎత్తును కనిపెట్టి తనంతట తానే గాలిని సర్దే సెన్సారు గానీ లెవలింగ్ వాల్వు గానీ ఉండదు కాబట్టి, ఆ పని డ్రైవరే చేయాలి. మీటరులో అంకె కుదిరితే ఎత్తు కుదిరినట్టే అనుకోవడం సరికాదు. మీటరు చూపేది బ్యాగు లోపలి ఒత్తిడిని మాత్రమే. అదే 40 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) గాలి ఖాళీ బండిని పైకి లేపి గట్టిపరుస్తుంది, నిండు బండిని కుంగిపోనిస్తుంది. ఎత్తును టేపుతోనే కొలవాలి. ఆ ఎత్తును మరోసారి త్వరగా రాబట్టుకోవడానికి మాత్రమే మీటరును ఆధారం చేసుకోవాలి.

కొలిచే చోటును జాగ్రత్తగా ఎంచుకోవాలి. కాలువ గట్టు రోడ్డు నడుమ ఎత్తుగా ఉండి అంచులకు వాలుతుంది కనుక, అక్కడ తీసిన కుడి ఎడమల కొలతలను నమ్మలేము. రైసు మిల్లు కాటా అన్నిటికంటే అనువైనది. మట్టంగా ఉండటమే కాక, బండి బరువెంతో కూడా అక్కడే తెలిసిపోతుంది. అది వీలుకాకపోతే ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం మీద నిలపవచ్చు గానీ, వాన నీరు పోవడానికి దానికీ కొంత వాలు ఇస్తారు కాబట్టి, తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో నాలుగు చక్రాల దగ్గరా మట్టం సరిచూసుకోవాలి.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు వాటిలో కంపెనీ చెప్పిన గాలి నింపిన తరువాతే కొలత మొదలుపెట్టాలి. చక్రం నడిబొడ్డు నుంచి నిట్టనిలువుగా పైనున్న మడ్‌గార్డు అంచు వరకు కొలిచి, టేపు ఆనించిన చోట పెయింటుతో చిన్న గీత గీయాలి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తగ్గినా అది సస్పెన్షన్ కుంగినట్టే కనిపిస్తుంది. మొదట ఖాళీ బండికి బ్యాగుల్లో కనీస గాలి ఉంచి నాలుగు మూలలా కొలతలు రాసుకోవాలి. ఈ రకం సహాయక బ్యాగుల్లో చాలావాటికి కనీసం 5, గరిష్ఠం 100 పీఎస్‌ఐ అని తయారీదారులు చెబుతారు. అయినా మీ కిట్టుతో వచ్చిన పుస్తకంలోని అంకెలనే పాటించాలి. గాలి పూర్తిగా తీసేసి నడిపితే గతుకుల్లో బ్యాగు రబ్బరు మడతపడి, నలిగి చిరుగుతుంది.

తరువాత మామూలుగా వేసే లోడు వేసి మళ్లీ కొలవాలి. ఉదాహరణకు ఖాళీగా 52 సెంటీమీటర్లున్న వెనుక ఎత్తు లోడుతో 44కు దిగితే, దాన్ని 49 దగ్గర ఆపడం మేలని నా అభిప్రాయం. మళ్లీ 52కు తీసుకురావాలన్న కోరిక సహజమే గానీ, వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరాన్ని బట్టి వెనుక బ్రేకుల ఒత్తిడిని మార్చే వాల్వు ఉన్న బండ్లలో అది ప్రమాదకరం. దూరం పెరిగేసరికి ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని, నిండు లోడు మీద కూడా వెనుక బ్రేకును తగ్గించివేస్తుంది. అటువంటి బండికి బ్యాగులు బిగించినప్పుడు ఆ వాల్వును తెలిసిన మెకానిక్ చేత సరిచేయించాలి. ఇక బండి మూతి పైకి లేచి స్టీరింగు తేలికైతే, అది గాలితో తీరే లోపం కాదు. వెనుక ఇరుసు దాటి పేర్చిన ట్రేలను క్యాబిన్ వైపుకు జరపాలి.

గాలిని ఐదేసి పీఎస్‌ఐ చొప్పున ఎక్కిస్తూ, ప్రతిసారీ బండిని నాలుగు గజాలు ముందుకూ వెనక్కూ కదిలించి, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి కొలవాలి. పట్టీల మధ్య రాపిడి వల్ల బండి వెంటనే తన అసలు ఎత్తుకు చేరదు. కంప్రెసరు నుంచి వేడిగా వచ్చిన గాలి చల్లబడే కొద్దీ ఒత్తిడి కూడా కొంత దిగుతుంది. అనుకున్న ఎత్తు దాటిపోతే బాగా కిందికి దించి, మళ్లీ కింది నుంచే పైకి రావాలి. అలా చేస్తేనే కొలతలు ఒకదానితో ఒకటి పొందుతాయి. కుడి ఎడమల మధ్య తేడా వస్తే ముందుగా లోడును సరిగా పేర్చాలి, మిగిలిన కొద్ది తేడానే గాలితో సర్దాలి. రెండు బ్యాగులకూ వేరువేరు గొట్టాలు ఉండాలి. ఒకే గొట్టంతో కలిపితే మలుపులో బరువు పడిన వైపు గాలి అవతలి బ్యాగులోకి పోయి, బండి మరింతగా ఒరుగుతుంది.

ఈ పని జరుగుతున్నంతసేపూ బ్యాగుల మీద నిలిచిన బండి కిందికి చేతినిగానీ తలనుగానీ పోనీయకూడదు. లోపల పని ఉంటే ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. బ్యాగులు ఎత్తును నిలుపుతాయే తప్ప ఇరుసు, టైర్లు, బ్రేకుల సామర్థ్యాన్ని పెంచవు కాబట్టి, ఆర్‌సీలో రాసిన మొత్తం బరువే హద్దు. కాటా చీటీ చూడకుండా గాలి ఎక్కిస్తూ పోయేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎత్తు కుదిరాక ఖాళీ, సగం లోడు, నిండు లోడు అని మూడు వరుసల్లో బరువు, ఒత్తిడి, ఎత్తు రాసి డాష్‌బోర్డులో ఉంచుకోవాలి. హెడ్‌లైట్లను కూడా లోడుతోనే సరిచూడాలి. రెయిలింగు లేని కాలువ రోడ్డు మీద ఎదుటివారి కళ్లలో వెలుగు కొట్టడం ప్రాణాంతకం. లీకులు తెలుసుకోవడానికి కీళ్ల దగ్గర సబ్బునీళ్లు పూసి బుడగలు చూడాలి, ఆ తరువాత ఒక ఉదయం చూసిన ఒత్తిడిని మరుసటి ఉదయపు ఒత్తిడితోనే పోల్చాలి. 60 పీఎస్‌ఐ ఉన్న బ్యాగు 20 డిగ్రీలు వేడెక్కితే, ఎత్తు మారకపోతే, దాదాపు 5 పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది. రొయ్యల లోడు నుంచి కారే ఉప్పునీరు ఫిట్టింగులను తినేస్తుంది కనుక, దించిన రోజే మంచినీళ్లతో కడిగి, గాలి ట్యాంకు అడుగు వాల్వు తిప్పి అందులో చేరిన నీటిని వదిలి, బ్యాగులను ఖాళీ బండి ఒత్తిడికి దించిన తరువాతే తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి.