తీగను కర్రతో ఎత్తకండి: గణేశ్ ఉత్సవ కమిటీలకు ఒక పాత లైన్‌మన్ చెప్పే జాగ్రత్తలు

2025 ఆగస్టు. హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు. రథాన్ని లాగుతున్న వాహనం మొరాయించింది. కుర్రాళ్లు తామే చేతులతో లాగడం మొదలుపెట్టారు. రథానికి కరెంటు పాకింది, ఐదుగురు పోయారు. ఆ కన్నీళ్లు ఆరకముందే బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తరలిస్తూ మరో ఇద్దరు యువకులు కరెంటుకు బలయ్యారు. చవితికి ఇంకా వారం పైనే ఉంది అప్పటికి.

ఇప్పుడు మన నల్లగొండలో మళ్లీ చందా పుస్తకాలు బయటికొచ్చాయి, వాడవాడలా పందిరి గుంజలు లేస్తున్నాయి. తాగి బండి నడపవద్దు, డీజే సౌండు తగ్గించండి, మట్టి విగ్రహం మేలు అనే మాటలు పోలీసులు, మున్సిపాలిటీ వాళ్లు మైకు పెట్టి మరీ చెబుతారు. అవి నేను చెప్పను. స్తంభాలెక్కి బతికినవాడిని, నాకు తెలిసింది తీగల సంగతి. అందులోనూ ఒక్క తప్పు గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇళ్లు ఆరిపోయింది ఎక్కువగా దానివల్లే.

కర్ర

ప్రతి ట్రాలీ మీదా ఒక తమ్ముడు ఉంటాడు. తలకు కాషాయ గుడ్డ, చేతిలో రెండు నిలువుల వెదురు కర్ర, దాని కొసకు అడ్డంగా సుతిలి తాడుతో కట్టిన జానెడు ముక్క. తీగ అడ్డం వచ్చిన చోటల్లా బండి ఆగుతుంది, వాడు కర్రతో తీగను పైకి ఎత్తుతాడు, విగ్రహం కింద నుంచి దాటుతుంది, జనం జై కొడతారు. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కాబట్టి ఇదొక పద్ధతిగా స్థిరపడిపోయింది. కమిటీ పనులు పంచుకునేటప్పుడు 'కర్ర ఎవరు పడతారు' అని కూడా అడుగుతున్నారు.

ఎవరూ పట్టకూడదు. తీగను కర్రతో ఎత్తకండి.

కర్రకు కరెంటు రాదని చిన్నప్పుడు బడిలో విన్నాం. ఎండు కర్రకు, ఇంట్లో ఉండే 230 వోల్టుల దగ్గర ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. వీధి మీద వెళ్లే 11 కేవీ లైను అంటే పదకొండు వేల వోల్టులు. పైగా భాద్రపదం వానల నెల. వెదురు బయటికి ఎండినట్టు కనబడినా లోపల పచ్చి ఉంటుంది. ఒక్క జల్లు పడితే కర్ర పొడవునా నీటి పొర ఏర్పడుతుంది. పదకొండు వేల వోల్టులకు ఆ పొర చాలు. అసలు తగలనవసరం కూడా లేదు, దగ్గరికి వెళ్తే చాలు, నిప్పు గాలిలోంచే దూకుతుంది.

ఇక రెండోది. కర్ర పట్టినవాడి కళ్లు కింది తీగ మీదే ఉంటాయి. మన వీధుల్లో ఒకే స్తంభానికి అడుగున కేబుల్ టీవీ, ఇంటర్నెట్ తీగల మోపులు, వాటిపైన ఇళ్లకిచ్చే ఎల్‌టీ లైను, చాలాచోట్ల అన్నిటికన్నా పైన 11 కేవీ లైను ఉంటాయి. మీరు ఎత్తేది కేబుల్ తీగనే కావచ్చు, అందులో కరెంటు ఉండకపోవచ్చు. కానీ దాని బరువు మోయడానికి చాలా తీగల్లో ఉక్కు పోగు ఉంటుంది. ఎత్తినప్పుడు అది పైలైనుకు ఆనిందా, ఆ క్షణం నుంచి అది కరెంటు తీగే. మీ ముందున్నంత మేరే కాదు, ఆ తీగ ఎంత దూరం పోతే అంత దూరం.

మూడోది చాలామందికి తెలియదు, నిదానంగా చదవండి. కర్ర పట్టినవాడే చనిపోతాడని అనుకుంటాం. ట్రాలీ అంతా ఇనుము. కింద ఉన్నవి రబ్బరు టైర్లు. ట్రాలీకి కరెంటు పాకితే అది భూమిలోకి దిగడానికి దారి వెతుక్కుంటుంది. పూర్తిగా ట్రాలీ మీదే ఉన్నవాడి కన్నా, కాళ్లు నేల మీద ఉండి చేయి ట్రాలీ మీద వేసినవాడు ఆ దారి అవుతాడు. పక్కన నడుస్తూ రెయిలింగు పట్టుకున్నవాడు, ప్రసాదానికి చేయి చాపిన పిల్ల, కొబ్బరికాయ అందిస్తున్న తల్లి. కర్ర ఒకడు పడతాడు, ప్రాణం మరొకరిది పోతుంది.

మా వైపు ఒక వాడలో ఇదే జరిగింది. తీగ ఎత్తారు, పైన చటుక్కున మెరిసింది, వీధి లైట్లన్నీ ఆరిపోయాయి. 'కరెంటు పోయిందిరా, ఇక భయం లేదు, కానియ్యండి' అని ఎవరో అరిచారు. మళ్లీ ఎత్తారు. సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్‌కు ఈ వీధిలో ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వీధులకు వచ్చే లైను, ట్రిప్ అయితే (తనంతట తానే ఆగిపోతే) కాసేపటికి మళ్లీ ఛార్జ్ చేసి చూస్తారు, అది వాళ్ల పని. లైనులోకి మళ్లీ కరెంటు వచ్చింది. పోయినవాడు కర్ర పట్టినవాడు కాదు, ట్రాలీ వెనుక గొలుసు బిగిస్తున్నవాడు. ఆరిన తీగ చచ్చిన తీగ కాదు. లైట్లు ఆరినా సరే, తీగను కర్రతో ఎత్తకండి.

మరి విగ్రహం దాటేదెలా

విగ్రహం కొనేటప్పుడే లెక్క వేసుకోవాలి. వీధిని అడ్డంగా దాటే ఎల్‌టీ తీగ నేల నుంచి 5.8 మీటర్లు, 11 కేవీ తీగ 6.1 మీటర్ల ఎత్తున ఉండాలన్నది నిబంధన. అంటే సుమారు 19, 20 అడుగులు. అది కాగితం మీద. మన గల్లీల్లో పాత సీసీ రోడ్డు మీద కొత్త సీసీ రోడ్డు వేసి నేల ఎత్తు పెంచాం, తీగలు మాత్రం వేలాడి కిందికి దిగాయి. ఇప్పుడు మీ లెక్క చూడండి. ట్రాలీ బల్ల నేల నుంచి నాలుగు అడుగులకు అటూ ఇటూ ఉంటుంది. పీట ఒక అడుగు. 12 అడుగుల విగ్రహం. అక్కడికే 17 అయింది. దానిపైన గొడుగు, గొడుగు మీద జెండా. ధూల్‌పేటలో బేరమాడేటప్పుడు పక్క వాడ విగ్రహం కన్నా రెండడుగులు ఎత్తు కావాలని పంతం పట్టే ముందు, మీ సందులో అన్నిటికన్నా కిందికి వేలాడే తీగ ఎక్కడుందో ఒకసారి కంటితో చూసి వెళ్లండి.

దారి ముందే నడిచి చూడండి, పగటిపూట. ఎక్కడెక్కడ తీగలు కిందికి ఉన్నాయో రాసుకోండి. ఆ కాగితం మీద విగ్రహం మొత్తం ఎత్తు, తెచ్చే తేదీ, సమయం, నిమజ్జనానికి వెళ్లే దారి రాసి మీ కరెంటు సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. లైన్‌మన్ వస్తే 'ఎల్‌సీ' తీసుకుంటాడు. అంటే సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను ఆపించి, స్విచ్ తెరిచి, తీగలను ఎర్త్ చేశాకే చేయి వేస్తాడు. పదిహేను నిమిషాల పని కావచ్చు, అరగంట కావచ్చు. ఆగండి. దేవుడికి తొందర లేదు, బ్యాండు వాళ్లకే తొందర.

ఒక సంగతి గమనించాను. నిమజ్జనం రోజున క్లాక్ టవర్, ప్రకాశం బజార్ లాంటి చోట్ల పోలీసులు ఉంటారు, కరెంటు సిబ్బంది ఉంటారు. విగ్రహం తెచ్చే రాత్రి ఎవరూ ఉండరు. హైదరాబాద్ నుంచి బయలుదేరి, నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిరిగి, మన సందులోకి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. కళ్లు మూతలు పడుతుంటాయి, వాన, చీకటి, పైన ఏ తీగ ఏదో తెలియదు. చివరి వంద గజాల్లో ఏదో ఒకటి అడ్డం వస్తుంది. 'ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగుదామా' అనిపించి ఎవరో ఒకరు కర్ర అందుకుంటారు. ఆగండి. తెల్లారేదాకా పెద్ద రోడ్డు మీద బండి నిలపండి, ఇద్దరు కాపలా ఉండండి. విగ్రహాన్ని పగటిపూటే సందులోకి తేవాలి.

మండపం

2024లో, 2025లో ప్రభుత్వం మండపాలకు ఉచితంగానే కరెంటు ఇచ్చింది. అయినా స్తంభానికి కొక్కెం తగిలించే చేతులు ఆగలేదు. ఉచితంగా వచ్చేదాన్ని కూడా దొంగతనంగా తీసుకోవడం ఏమి ముచ్చటో నాకు అర్థం కాదు. దరఖాస్తు పెట్టండి, కనెక్షన్ సిబ్బంది చేతనే ఇప్పించుకోండి. పోలీసుల ఆన్‌లైన్ దరఖాస్తు కూడా పెట్టండి. మండపం ఎక్కడుందో, ఎవరిని పిలవాలో వాళ్లకు తెలిసేది దానివల్లే.

మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. మామూలు ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఇది మనిషిని కాపాడుతుంది. పందిరి ఇనుప పైపులదైతే పైపులకు ఎర్త్ చేయించండి. రేకు అంచు మీదుగా వైరు లాగారా, గాలికి అది రోజంతా ఒరుసుకుని నాలుగో రోజుకు తొడుగు తెగుతుంది, రేకంతా కరెంటు. అక్కడ పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి లేదా వైరు దారి మార్చండి. నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టకండి, అభిషేకం నీళ్లు ఎటు పారతాయో ఎవరికీ తెలియదు. జనరేటర్ పెడితే చేంజోవర్ స్విచ్ (లైను కరెంటో జనరేటర్ కరెంటో ఒకసారికి ఒక్కటే వచ్చేలా చేసేది) ఉండాల్సిందే. లేకపోతే మీ జనరేటర్ కరెంటు వెనక్కి లైనులోకి వెళ్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పదకొండు వేల వోల్టులు చేసి పంపుతుంది, అక్కడ ఎక్కడో స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. ఇది రాసేటప్పుడు నా గొంతు కొంచెం పెరిగితే ఏమీ అనుకోకండి.

అఖండ దీపం దగ్గర పరదా గుడ్డ వద్దు. ఇసుక బకెట్లు రెండు.

ఇక మిగిలినవన్నీ వరుసగా

ట్రాలీ కదిలేటప్పుడు విగ్రహంతో పాటు పైన ఇద్దరే ఉండాలి. పిల్లలు అసలే వద్దు.

పక్కన నడిచేవాళ్లు ట్రాలీని పట్టుకోకూడదు. తాడు కట్టి నాలుగు అడుగుల ఎడం పెట్టండి.

గొడుగు, జెండా, పైన పెట్టే లైట్ల తోరణం విప్పి తీసేలా ఉండాలి. జెండా కర్ర ఇనుపదైతే ఇంట్లోనే వదిలేయండి.

బండి మొరాయిస్తే చేతులతో నెట్టకండి. మరో ట్రాక్టర్ తెప్పించండి. రామంతాపూర్ గుర్తుందిగా.

కాగితం ముక్కలు ఎగరేసే గన్నులు తీగల కింద పేల్చకండి. మెరుపు కాగితాలు తీగల మీద పడతాయి.

రైల్వే గేటు దగ్గర ఇనుప కమాను కింద పట్టని విగ్రహాన్ని వంచి, పడుకోబెట్టి దాటించే తెలివితేటలు వద్దు. పైన 25 వేల వోల్టులు. దారి మార్చండి.

ట్రాలీకి కరెంటు పాకితే పైనున్నవాళ్లు పైనే ఉండాలి. దిగకూడదు. మంట లేచి దిగక తప్పకపోతే రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి, ట్రాలీని వదిలేసి దూకాలి. ఒక చేయి ట్రాలీ మీద, ఒక కాలు నేల మీద ఉన్న క్షణమే మృత్యువు. నేల మీద పడ్డాక అంగలు వేయకండి, పాదాలు కలిపి చిన్నగా జరగండి.

కింద పడ్డవాడిని లాగడానికి పరుగెత్తకండి. నాకు తెలుసు, వాడు నీ తమ్ముడే. అయినా వద్దు. ముందు లైను ఆగాలి. 1912కు ఫోను, సబ్‌స్టేషన్‌కు ఫోను. ఆ సబ్‌స్టేషన్ నంబరు, లైన్‌మన్ నంబరు చవితికి ముందే మండపంలో కనబడేలా రాసి పెట్టండి. అప్పటికప్పుడు వెతికితే దొరకవు.

లైను ఆగిందని సిబ్బంది చెప్పాక, వాడికి శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, వేగంగా నొక్కండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 108 వచ్చేదాకా ఆపకండి. ముఖం మీద నీళ్లు చల్లకండి, మట్టిలో పూడ్చకండి.

తెగిపడిన తీగ నిశ్శబ్దంగా ఉందని దగ్గరికి వెళ్లకండి. పొడి నేల మీద, సిమెంటు రోడ్డు మీద పడితే ఫీడర్ ట్రిప్ కాకపోవచ్చు, తీగలో కరెంటు ఉండవచ్చు. పది మీటర్ల దూరంలో జనాన్ని ఆపండి.

రాత్రి మండపంలో పడుకునేవాళ్లు ఇనుప పైపుకు ఆనుకుని పడుకోకండి. ఫోను ఛార్జింగు వైరు దిండు కిందికి లాగకండి.

వల్లభరావు చెరువు దగ్గర అయినా, 14వ మైలు దగ్గర సాగర్ కాలువలో అయినా విగ్రహాన్ని దింపేది క్రేను వాళ్లు. మీరు గట్టు మీదే ఆగండి. ఈత వచ్చినవాడు కూడా. కాలువ నీళ్లకు చెరువు నీళ్లంత ఓపిక ఉండదు. క్రేను చేయి పైకి లేచేటప్పుడు పైన లైను ఉందేమో చూసే పని కమిటీలో ఒకరికి అప్పగించండి, ఆ ఒక్క పనే.

పోలీసులు చెప్పే మాటే అయినా ఇదొక్కటి నేనూ చెబుతాను: తాగినవాడికి ట్రాక్టర్ తాళం ఇవ్వకండి, వాడు కమిటీ అధ్యక్షుడైనా సరే.

కర్రను ట్రాలీ ఎక్కించకండి. ఎక్కిస్తే ఎవరో ఒకరు ఎత్తుతారు. తీగను కర్రతో ఎత్తకండి. తడి కర్రతో వద్దు, ఎండు కర్రతో వద్దు, కొసకు ప్లాస్టిక్ పైపు తొడిగిన కర్రతో కూడా వద్దు.

నిమజ్జనం మరునాడు నిద్ర కళ్లతో పందిరి విప్పేటప్పుడు ముందు సిబ్బందిని పిలిచి కనెక్షన్ తీయించండి, ఆ తరువాతే పైపు మీద చేయి వేయండి. ఇరవై అడుగుల పైపును నిలువుగా లేపకండి, ఇద్దరు రెండు కొసలూ పట్టి అడ్డంగానే మోయాలి.