సెలైన్ ఎక్కుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు ఏం చూసుకోవాలి?

మనవాళ్లకి సెలైన్ పెట్టారంటే పక్కన ఉన్నవాళ్ల చూపంతా బాటిల్ మీదే, అయిపోతుందేమో, గాలి ఎక్కేస్తుందేమో అని టెన్షన్. నేనూ అంతే. మా నాన్నని జ్వరంతో అడ్మిట్ చేసిన రాత్రి బాటిల్‌ని చూస్తూ కూర్చున్నాను, తెల్లారుజామున దుప్పటి తీస్తే ఆయన చెయ్యి మోచేతి దాకా ఉబ్బి ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. సూది నరంలోంచి జరిగి, సెలైనంతా చర్మం కిందకి పోతోంది. అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను, బాటిల్ కంటే చెయ్యి చూడండి.

అసలు పెట్టించే ముందే ఒక మాట. నీరసంగా ఉందని మనమే "ఒక గ్లూకోజ్ పెట్టండి డాక్టర్ గారూ" అని అడుగుతాం కదా, ఆ 5 శాతం గ్లూకోజ్ అర లీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. నోటితో తాగగలిగి, వాంతులు లేకపోతే చాలాసార్లు ఓఆర్ఎస్ ప్యాకెట్ సరిపోతుంది. నిజంగా అవసరమై పెడుతుంటే గుండె జబ్బు, కిడ్నీ సమస్య, షుగర్, పడని మందులు ఏవున్నా ముందే చెప్పేయండి.

సూది పెట్టాక ఆ చెయ్యి దుప్పటి బయటే ఉంచండి. ఉంగరం, గాజులు తీసేయండి. అరగంటకోసారి రెండో చేతితో పోల్చి చూడండి: ఉబ్బి, చల్లగా, చర్మం బిగుతుగా ఉంటే సెలైన్ బయటికి కారుతున్నట్టు, ఎర్రగా, వేడిగా, నరం తాడులా గట్టిగా తగిలితే నరం వాచినట్టు. ఏదైనా సరే, ముందు పైపు మీదున్న చక్రం తిప్పి ఆపండి, తర్వాత సిస్టర్‌ని పిలవండి. రుద్దొద్దు. కాపడం కూడా మీ అంతట మీరు పెట్టకండి, ఏ మందు కారిందన్నదాన్ని బట్టి వేడిదా చల్లదా అన్నది మారుతుంది. కాల్షియం, పొటాషియం, క్యాన్సర్ మందుల్లాంటివి బయటికి కారితే చర్మం పుండు పడిపోవచ్చు, కాబట్టి "మంటగా ఉంది" అంటే "కాస్త ఓర్చుకో" అనకండి.

ఆ చక్రాన్ని ఆపడానికి తప్ప ముట్టుకోవద్దు. త్వరగా అయిపోతే ఇంటికెళ్లొచ్చని స్పీడు పెంచే బంధువు ప్రతి వార్డులోనూ ఒకరుంటారు! మామూలు సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, అర లీటరు 4 గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి 42 చుక్కల దాకా పడాలి, ఫోన్లో టైమ్ పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకి, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లకి వేగంగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయాసం, పడుకుంటే దగ్గు మొదలైతే ఆపేసి, లేపి కూర్చోబెట్టి, గట్టిగా కేకేయండి.

గాలి గురించి అందరూ భయపడతారు గానీ పైపులో కనిపించే ఒకటీ అరా చిన్న బుడగలతో సాధారణంగా ఏమీ కాదు, సిస్టర్‌కి చూపిస్తే చాలు. పైపు జాయింటు ఊడితే మాత్రం వెంటనే పిలవాలి, మెడ దగ్గర పెట్టిన లైన్ అయితే మరీనూ. బాటిల్ ఖాళీ అయినప్పుడు రక్తం పైకి రావడం, పైనుంచి ఒత్తిడి తగ్గడం వల్ల. చక్రం మూసి పిలవండి, ఆలస్యమైతే రక్తం గడ్డకట్టి సూది మూసుకుపోతుంది, మళ్లీ ఇంకోచోట గుచ్చాలి. బాత్రూమ్‌కి తీసుకెళ్లేటప్పుడూ బాటిల్ పైకే పట్టుకోండి.

ఎక్కుతుండగా ఒళ్లంతా వణుకు, దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏదొచ్చినా క్షణం ఆగొద్దు, ఆపేసి పిలవండి. ఆ బాటిల్ పారేయనివ్వకండి, డాక్టర్ చూడాలి.

ప్లాస్టర్ తడిసినా, ఊడినా మార్పించండి. మందులన్నీ మాత్రల్లోకి మారాక కూడా సూది అలాగే ఉంటే "ఇది ఇంకా అవసరమా సిస్టర్?" అని అడగండి, ఎన్ని రోజులుంటే ఇన్ఫెక్షన్‌కి అంత అవకాశం. తీశాక దూదితో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, చెయ్యి మడిచి కూర్చుంటే కమిలిపోతుంది. ఇంటికొచ్చాక అక్కడ ఎరుపు పెరిగినా, చీము కనిపించినా, జ్వరం తిరగబెట్టినా మళ్లీ వెళ్లి ఆ చెయ్యి చూపించండి.