మధ్యాహ్నానికి నీరసించే డీజిల్ జీరో టర్న్ మోవర్: లక్షణం, కారణం, పరిష్కారం

ముందు భాగాన డెక్ (బ్లేడ్లు ఉండే కోత భాగం), వెనక డీజిల్ ఇంజిన్ ఉండే జీరో టర్న్ మోవర్లు (ఉన్నచోటే తిరగగల గడ్డి కోత బండ్లు) గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో వేసవిలో పెట్టే ఇబ్బందులు నా అనుభవంలో చాలావరకు వేడికి సంబంధించినవే. అందువల్ల ఇంజిన్ విప్పాలని ఎవరైనా సలహా ఇచ్చినప్పుడు, అంతకంటే ముందు గాలి, కూలెంట్, ఆయిలు సరిగా తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలని యజమానులను గట్టిగా కోరుతున్నాను.

ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు పోతున్నప్పుడు

ఎండిన గడ్డి నలుసులు రేడియేటర్ జల్లెడకు అంటుకొని గాలిని అడ్డుకుంటాయి. జల్లెడను తుడిచినంత మాత్రాన సరిపోదు. దాన్ని దాటిపోయిన సన్నని పొట్టు రేడియేటర్ రెక్కల మధ్య పేరుకొని, పైకి కనిపించకుండా ఉండిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, గాలి బయటికి పోయే వైపు నుంచి లోపలికి వచ్చే వైపుకు, తక్కువ ఒత్తిడితో నీళ్లు పట్టి ఆ పొట్టును వెలుపలికి తోయాలి. వాటర్ సర్వీసింగులో బండ్లకు కొట్టే ఒత్తిడికి ఆ పల్చని రెక్కలు వంగిపోయి, గాలి దారి మరింత మూసుకుపోతుంది. తరువాత ఫ్యాను బెల్టు బిగువు, కూలెంట్ మట్టం చూడాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పరాదు. కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు పోస్తే వాటిలోని లవణాలు లోపల గార కడతాయి కనుక, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ మాత్రమే పోయాలి.

ఉదయం బాగా నడిచి, ఎండెక్కాక చక్రాలు లాగనప్పుడు

ఇంజిన్ శబ్దం ఏమాత్రం తగ్గకుండా బండి మాత్రమే నెమ్మదిస్తే, లోపం ఇంజిన్‌లో కాక హైడ్రోస్టాటిక్ డ్రైవ్‌లో (ఆయిలు ఒత్తిడితో చక్రాలను తిప్పే వ్యవస్థలో) ఉందని భావించాలి. ఆయిలు వేడెక్కి పలచబడినప్పుడు పంపులో ఒత్తిడి నిలవదు. రెండు చక్రాలూ ఒకేసారి బలహీనపడితే ఆయిలు మట్టం, ఫిల్టరు, ఆయిలు కూలర్ మీది దుమ్ము, పంపును తిప్పే బెల్టు ఉన్న మోడళ్లలో ఆ బెల్టు చూడాలి. ఒక పక్క మాత్రమే వెనకబడితే ఆ పక్క టైరు గాలి, లీవర్ లింకేజీ (లీవరును పంపుకు కలిపే కడ్డీలు), పూర్తిగా మూసుకోని బైపాస్ వాల్వు (బండిని చేత్తో నెట్టడానికి ఆయిలును పక్కదారి పట్టించేది) అనే వరుసలో పరిశీలించాలి. ఆయిలు మార్చిన తరువాత లోపల గాలి మిగిలిపోతే కొత్త ఆయిలుతోనూ ఇదే లక్షణం కనిపిస్తుంది. కనుక డ్రైవు చక్రాలను స్టాండ్ల మీద నేలకు తగలకుండా నిలిపి, బైపాస్ తెరిచి లీవర్లను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ కొన్నిసార్లు కదిపి, మూసి మళ్లీ అలాగే చేయాలి.

ఇంజిన్ తడబడి ఆగిపోతున్నప్పుడు

నల్లని పొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టరు చూడండి. వానాకాలంలో తెల్లని పొగతో తడబడితే డీజిల్‌లో నీరు చేరిందేమోనని అనుమానించి, డీజిల్ నుంచి నీటిని వేరుచేసే సెపరేటర్ గిన్నెలోని నీరు వదిలి, డీజిల్ ఫిల్టరు మార్చి, డీజిల్ గొట్టాల్లోని గాలి తీయాలి. సాయంత్రం ట్యాంకు నింపి ఉంచితే లోపల తేమ పట్టడం తగ్గుతుంది. కుదుపుల దగ్గర మాత్రమే ఆగుతుంటే నడిపే మనిషి సీటు మీద లేకపోతే ఇంజిన్‌ను ఆపే, సీటు కింది స్విచ్చు కనెక్టర్ వదులై ఉండవచ్చు. దాన్ని శుభ్రపరచి బిగించాలే తప్ప, తీగలు కలిపి స్విచ్చును నిరర్థకం చేయడం ప్రాణాంతకం.

కోత ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు

ముందుగా టైర్లన్నిటిలో గాలి సరిచేసి, ఆ తరువాతే డెక్ ఎత్తు కొలవాలి. గడ్డి కొనలు చిరిగి తెల్లబారితే బ్లేడు మొద్దుబారినట్టే. అదురు ఉంటే ఇంజిన్ ఆపి, తాళం తీసి, డెక్‌ను పైకి లేపి లాక్ చేశాక బ్లేడు వంకరను, స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బేరింగులను పరీక్షించాలి. బేరింగులు నంబరు చెబితే విజయవాడ ఆటోనగర్‌లో దొరకవచ్చు. డెక్ బెల్టు విషయంలో మాత్రం, కొలత సరిపోయిందని సాధారణ వీ-బెల్టు వేయవద్దు; అరామిడ్ అనే గట్టి కృత్రిమ దారాలతో చేసిన మోవర్ బెల్టు స్థానంలో అది త్వరగా సాగి, బరువు పడగానే జారుతుంది.