మామిడి అంటు: కత్తి కంటే ముందు పుల్ల

ఉద్యాన కళాశాలలో పండ్లతోటల పెంపకం చెప్పి రిటైరయ్యాను. వైవాకి వచ్చిన పిల్లలు, మంచి చెట్టు పుల్ల కోసి కింద ఉన్న నాటు మొక్క మీద అతికించడమే అంటు అని గడగడా అప్పజెప్పేవాళ్లు. "అది పుస్తకంలో ఉందిలే, నువ్వు కట్టింది చిగురేసిందా, చూపించు" అనేవాణ్ణి. ఇప్పుడు మా పెరట్లోకి వచ్చే రైతులు కూడా ముందు కత్తి గురించే అడుగుతారు. కత్తి పని నాలుగు పుల్లలు పాడుచేస్తే వచ్చేస్తుంది. పుల్ల ఎంచడమే అసలు చదువు.

బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు. మన రకాల టెంకలో మామూలుగా ఒకటే పిండం, అదీ పరాగ సంపర్కంతో పుట్టినది. తల్లి గుణం ఎంత వస్తుందో చెప్పలేం. పడమటి తీరంలో ఒలూర్ లాంటి రకాల టెంకలోంచి ఒకటికి మించి మొలకలొస్తాయి, అవి చాలావరకు తల్లి పోలికే. మనకా అదృష్టం లేదు, అంటు కట్టడమే గతి.

కింది మొక్కకి నాటు పీచు మామిడి టెంకలు చాలు. బాగా పండిన పండ్లవి తీసుకుని, నీళ్లలో తేలినవి పారేయండి. మిగిలినవి నెలలోపే పాతాలి, ఆ తర్వాత మొలకెత్తే శక్తి పడిపోతుంది. మొక్క పెన్సిల్ లావై, పైన రాగిరంగు లేత చిగురు వేసినప్పుడు అంటుకి సిద్ధం.

ఇక పుల్ల. కాయలున్నప్పుడే తోటలో తిరిగి, ఏటా నిలకడగా కాసే చెట్టుకి రంగు పూసి గుర్తు పెట్టుకోండి. "అన్నీ బంగినపల్లే కదా మాస్టారూ" అంటారు. ఒకే తోటలో కాపు తేడా కళ్లారా చూస్తూ కూడా అలా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ చెట్టుకి ఎండ తగిలే కొసకొమ్మలు చూడండి. మూడు నాలుగు నెలల వయసుండాలి, పూత పూసి ఉండకూడదు, లావు కింది మొక్కతో సరిపోవాలి. కోయడానికి వారం పది రోజుల ముందు ఆకులు కత్తిరించి తొడిమలు మాత్రం చెట్టునే ఉంచండి. కొసమొగ్గ ఉబ్బి, తొడిమ వేలు తగలగానే రాలిందంటే పుల్ల తయారైనట్టే. దీనికి ఓపికపట్టనివాళ్లే అంటు చచ్చిందని వాతావరణాన్ని తిడతారు. కోసిన పుల్లని తడిగుడ్డలో చుట్టి, వీలైతే ఆ రోజే వాడేయండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఉంటుంది కాబట్టి అప్పుడే కట్టుకోవాలి. కింది మొక్క లేత చిగురుని అడ్డంగా కోసి, కింద కొన్ని ఆకులు ఉంచి, నడిమికి 3-4 సెంటీమీటర్లు చీల్చండి. పది పన్నెండు సెంటీమీటర్ల పుల్ల అడుగుని రెండు వైపులా అంతే పొడవున ఏటవాలుగా చెక్కి చీలికలో దించండి. లావు తేడా ఉంటే కనీసం ఒక పక్కన బెరడుకి బెరడు కలవాలి, మధ్యలో నిలబెడితే అతకదు. పాలిథిన్ పట్టీతో కింది నుంచి పైకి బిగించి, పిల్లలు చప్పరించే ఐసు గొట్టం లాంటి సన్నని కవరు పైన తొడిగి అడుగున కట్టేయండి. మొక్క నీడలో ఉండాలి.

రెండు మూడు వారాల్లో చిగురు కనిపిస్తుంది. అప్పుడు కవరు తీసేయండి. అంటు కింద నాటు మొక్క వేసే చిగుళ్లని ఎప్పటికప్పుడు గిల్లేయాలి. ఊరుకుంటే పైపుల్ల ఎండిపోయి నాటు మామిడే మిగులుతుంది. పట్టీ రెండు మూడు నెలలకి విప్పండి, లేకపోతే అక్కడ నొక్కుకుపోయి గాలికి విరుగుతుంది.

పొలంలో నాటేటప్పుడు అతుకు నేలకి పైనే ఉండాలి. చిన్న మొక్కకే పూత వస్తుంది. మొదటి మూడేళ్లు తుంచేయండి. ఆ పనికి సొంతదారుడికి చేయి రాదు, నన్ను పిలిపించి తుంచించుకుని అటు తిరిగి నిలబడినవాళ్లున్నారు.