మెడ తిరిగిపోయిన కోడిని బతికించుకోవడం ఎలా?

పొద్దున్నే గూడు తలుపు తీస్తే పెట్ట ఒక మూల పడి ఉంటుంది. తల తలకిందులై, ముక్కు ఆకాశం వైపో వీపు వైపో తిరిగి ఉంటుంది. పట్టుకుని నిలబెడితే వెనక్కి వెనక్కి నడిచి గిర్రున తిరిగి పడిపోతుంది. చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట: "ఇగ ఇది బతకది అక్కా, కోసెయ్యుండ్రి."

అల్వాల్‌లో మా ఇంటి వెనక పదిహేనేళ్ళుగా కోళ్ళు పెంచుతున్నాను. మా ఇంట్లోవీ, వీధిలోవాళ్ళు తెచ్చినవీ కలిపి ఇలా మెడ తిరిగిన కోళ్ళను చాలా చూశాను. వాటిలో చనిపోయినవి ఎక్కువగా మెడ వల్ల చనిపోలేదు. కొన్ని దాహంతో పోయాయి. మిగతావి ఎవరో ప్రేమగా ముక్కు పైకెత్తి, గ్లాసుతో నీళ్ళు పోస్తే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి చనిపోయాయి. ఎంత చెప్పినా మళ్ళీ మళ్ళీ అదే జరుగుతోంది కాబట్టి పూర్తిగా రాస్తున్నాను. టైం లేకపోతే మిగతాది వదిలేయండి కానీ, నీళ్ళు పట్టే భాగం మాత్రం రెండుసార్లు చదవండి.

1. వెంటనే విడిగా పెట్టండి

మిగతా కోళ్ళు దాన్ని పొడుస్తాయి. అంటురోగమైతే వాటికీ వస్తుంది. అందుకే ముందు చేయాల్సిన పని ఇదే.

కావలసినవి: ఒక అట్టపెట్టె, పాత కాటన్ లుంగీ, పాత చీర, సూది తీసేసిన 1 మి.లీ. సిరంజిలు రెండు, ఒక మట్టి మూకుడు. టర్కీ టవల్ వాడకండి, దాని పోగుల్లో గోళ్ళు ఇరుక్కుంటాయి. గంప కింద మూయకండి, పల్టీ కొట్టినప్పుడల్లా తల పుల్లలకు తగులుతుంది. పాత చీరను బిందె కింద పెట్టే చుట్టకుదురులా చుట్టి పెట్టెలో ఉంచండి. కోడిని అందులో కూర్చోబెడితే రొమ్ము నిటారుగా నిలుస్తుంది, పక్కకు దొర్లదు. ఈ చుట్టకుదురు లేకుండా నేను ఏ కోడికీ వైద్యం మొదలుపెట్టను. పెట్టె చీకటిగా, చప్పుడు లేని చోట ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద, మేడ మీద అస్సలు పెట్టకండి.

2. ఏ రకం మెడో చూడండి

మెడ మెలిపడి గట్టిగా బిగుసుకుని ఉందా, తాడులా మెత్తగా వాలిపోయిందా అన్నది ముందు చూడాలి. వాలిపోయి, కోడి తల ఎత్తలేక నేలకు ఆనించి ఉంటే అది బాట్యులిజం అయి ఉండొచ్చు. కుళ్ళిన మాంసమో, దానిలోని పురుగులో తిన్న కోళ్ళకు వస్తుంది. ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

మెడ మెలితో పాటు ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, రెక్కలు వేలాడటం, పక్కన ఉన్న కోళ్ళు కూడా డల్‌గా ఉండటం కనిపిస్తే కొక్కెర తెగులు అనుకోవాలి. డాక్టర్లు రాణీఖేత్ అంటారు. కుమావూ కొండల్లోని రాణీఖేత్ ఊరి పేరే దానికి వచ్చింది. ఆ రోగం నుంచి బయటపడ్డ కోళ్ళలో కొన్నింటికి మెడ మెలి అలాగే మిగిలిపోతుంది, విటమిన్లతో పూర్తిగా పోదు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి పడుకుంటే మారెక్స్ అనే ఇంకో రోగం కావచ్చు. ఒకటి రెండు రోజుల్లో కోళ్ళు వరసగా చనిపోతుంటే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖవాళ్ళకు చెప్పండి.

ఇవేవీ లేకుండా, ఒక్క కోడికే మెడ తిరిగి మిగతావన్నీ హుషారుగా ఉంటే ఎక్కువగా విటమిన్ లోపమో, తలకు తగిలిన దెబ్బో అయి ఉంటుంది. నేను ఇంట్లో చేసే వైద్యం వాటికే. అయినా మొదటి రోజే ఒకసారి డాక్టర్‌కు చూపించండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. "కోడికి కూడా హాస్పిటలా" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఇంకో మాట. మెడకు పుల్ల కట్టడం, నూనె రాసి బలంగా తిప్పడం, వాత పెట్టడం, కల్లు పట్టడం చేయొద్దు. లోపం నరాల దగ్గర ఉంటే బయట మెడను లాగి ఏం లాభం? పుల్ల కట్టిన కోడి ఊపిరాడక పోవడం నా కళ్ళతో చూశాను.

3. నీళ్ళు పట్టడం

మిగతా పనులన్నీ ఎవరైనా చేయగలరు. కోడి బతుకుతుందా లేదా అన్నది మాత్రం ఇక్కడ తేలుతుంది.

కోడి నీళ్ళు తాగడం ఒకసారి గమనించండి. ముక్కుతో కొంచెం తీసుకుంటుంది, తల పైకెత్తుతుంది, నీళ్ళు వాటంతట అవే కిందికి జారతాయి. తల తలకిందులైనప్పుడు అది ఈ పని చేయలేదు. ముందు మూకుడు నిండా నీళ్ళున్నా దాహంతో చనిపోతుంది. కాబట్టి మనమే పట్టాలి.

ప్రమాదం ఎక్కడుందో చెప్తాను. కోడి నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో ఒక చిన్న చీలిక కనిపిస్తుంది, ఊపిరితో పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. గాలిగొట్టం అక్కడే మొదలవుతుంది. మనం మింగేటప్పుడు గాలిగొట్టం మీదికి ఒక మూత వస్తుంది. కోడికి ఆ మూత లేదు. తాను మింగబోతున్నప్పుడు ఆ చీలికను తానే మూసుకోవాలి. మనం బలవంతంగా పోస్తే మూసుకునే వ్యవధి దొరకదు. పోసిన నీళ్ళన్నీ నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తాయి.

2016 ఎండాకాలంలో నేనూ ఈ తప్పు చేశాను. మంచి గ్రామప్రియ జాతి పెట్ట, రోజు విడిచి రోజు గుడ్డు పెట్టేది. బాగా దాహంగా ఉందని సిరంజిలో ఉన్నదంతా ఒకేసారి నెట్టాను. గురగురమని శబ్దం వచ్చింది, ముక్కు రంధ్రాల్లో బుడగలు వచ్చాయి, తురాయి నల్లబడింది. సాయంత్రానికి చనిపోయింది. మెడ అప్పటికే కొంచెం తగ్గుముఖం పట్టింది కూడా. ఇప్పటికీ ఆ శబ్దం నాకు గుర్తుంది.

అందుకని ఇలా చేయండి.

కింద చాప మీద కూర్చోండి. కుర్చీలో వద్దు, అది గిలగిలా కొట్టుకుంటే చేజారి పడుతుంది. కోడిని లుంగీలో చుట్టి ఒడిలో పెట్టుకోండి. రెక్కలు కదలకుండా ఉండాలి గానీ రొమ్ము మీద బిగించకూడదు. రొమ్ము ఎముక పైకీ కిందికీ కదిలితేనే కోడికి ఊపిరి ఆడుతుంది. బిగించి చుడితే ఊపిరి ఆగిపోతుంది.

ఎడమ అరచేయి దవడ కింద పెట్టి, బొటనవేలు ఒక చెంప మీద, చూపుడు వేలు రెండో చెంప మీద ఆనించండి. గొంతు మీద వేళ్ళు నొక్కకండి. ఇప్పుడు తలను మెల్లగా మామూలు స్థితి వైపు తీసుకురండి. మధ్యలో బిగుసుకుంటే అక్కడే ఆగండి. లాగొద్దు. చేతి వెచ్చదనానికి కాసేపట్లో మెడ కండరాలు వదులవుతాయి, అప్పుడు ఇంకొంచెం. తల నిటారుగా, ముక్కు నేలకు సమాంతరంగా ఉండాలి. ముక్కు పైకి ఎత్తకూడదు. అందరూ చేసే తప్పు ఇదే, పసిపిల్లలకు మందు పట్టినట్టు తల వెనక్కి వంచుతారు. తల ఎంతకీ నిటారుగా రాకపోతే ఆ పూటకు మానేసి, గంట ఆగి మళ్ళీ చూడండి. రెండోసారీ రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, చర్మం కింద సెలైన్ ఎక్కిస్తారు.

తల నిలిచాక సిరంజితో ఒక్క చుక్క, ముక్కు కొనకు కొంచెం వెనక, ముక్కు పై సగం, కింది సగం కలిసే అంచు మీద పెట్టండి. నోట్లోకి కాదు, అంచు మీద. చుక్క దానంతట అదే లోపలికి పాకుతుంది. నాలుక కదులుతుంది, గొంతు ఒకసారి పైకీ కిందికీ ఆడుతుంది. అది మింగింది. అప్పుడు రెండో చుక్క. మింగడం కళ్ళతో చూడకుండా రెండో చుక్క పెట్టొద్దు. టీవీ చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ ఈ పని చేయొద్దు. మొదటి 1 మి.లీ.కి రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత దానికీ అర్థమై ముక్కు ఆడించి అడుగుతుంది. ఒక విడతకు 10 నుంచి 15 మి.లీ. చాలు, రోజుకు ఐదారు విడతలు. రాత్రి పడుకునే ముందు ఒకటి తప్పనిసరి. మొదటి రోజు మాత్రం ఓఆర్‌ఎస్ కలపండి, ప్యాకెట్ మీద రాసిన దానికి రెట్టింపు నీళ్ళలో.

తుమ్మినా, దగ్గినా, గురక వచ్చినా వెంటనే ఆపేయండి. తల కిందికి వంచుకోనివ్వండి, విదిలించుకుంటుంది. ఊపిరి మామూలుగా అయ్యాక కూడా అరగంట ఏమీ పట్టొద్దు.

ట్యూబ్ వేసి నేరుగా మేత సంచిలోకే దించొచ్చు కదా అని కొందరు అడుగుతారు. నేర్చుకున్న డాక్టర్ చేతిలో అది మంచి పద్ధతే. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్ళకు వద్దు. మెలిపడ్డ మెడలో ట్యూబ్ ఎటు పోతుందో తెలియదు. చుక్కల పద్ధతికి గంట పట్టినా, అందులో కోడి తనంతట తాను మింగుతుంది. నాకు ఆ ధైర్యం ఇంకే పద్ధతిలోనూ లేదు.

4. మేత, విటమిన్లు

మేతలో పెద్ద విద్య లేదు. కోళ్ళ దాణా పొడి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, ఉడికించిన గుడ్డు సొన కలిపి, శనగగింజంత ఉండలు చేసి, తల అలాగే పట్టుకుని ఒక్కొక్కటీ పెట్టండి. దాణా లేకపోతే చిక్కటి జొన్న సంకటి. పాలు, పెరుగు నేను పెట్టను. ప్రతి ఉదయం మొదటి మేతకు ముందు రొమ్ముకు కుడివైపు ఉండే మేత సంచి తడిమి చూడండి. నిన్నటిది ఇంకా నిండుగా ఉంటే ఇంకా పెట్టకండి, డాక్టర్‌కు చెప్పండి.

విటమిన్లలో రెండు ముఖ్యం: ఈ, బీ1. పెద్ద కోడికి నేను రోజుకు ఒక 400 విటమిన్ ఈ క్యాప్సూల్, పిన్నుతో పొడిచి మేత ఉండ మీద పిండుతాను. దీనికి తోడుగా సెలీనియం కావాలి, కానీ విడిగా బిళ్ళ వేయకండి, కొంచెం ఎక్కువైనా విషమే. గుడ్డు సొనలో ఉన్నది చాలు. బీ1 మోతాదు బరువును బట్టి డాక్టర్ చెప్తారు, మొదటి డోసు ఇంజెక్షన్‌గా ఇప్పిస్తే ఇంకా మంచిది. షాపులో ఇచ్చే పౌల్ట్రీ టానిక్ తెచ్చి "విటమిన్లు వేశాం, తగ్గలేదు" అనేవాళ్ళు చాలామంది. సీసా వెనక చదవండి, వాటిలో కొన్నింటిలో బీ1 ఉండదు.

బీ1 గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మన వంటింట్లోనే ఉంది. సిటీలో చాలామంది కోళ్ళకు మిగిలిన తెల్లన్నం, నూకలు తప్ప ఇంకేం వేయరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జావాలోని బటావియా సైనిక ఆసుపత్రిలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ డాక్టర్ దగ్గర కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. ఆసుపత్రి వంటింట్లో మిగిలిన పాలిష్ బియ్యపు అన్నం వేసినన్నాళ్ళూ ఆ రోగం ఉంది. కొత్త వంటవాడు ఆ అన్నం ఇవ్వనన్నాడు, ముడి బియ్యం వేశారు, కోళ్ళు కోలుకున్నాయి. తవుడులో ఉన్నదేదో తెల్లబియ్యంలో లేదని అలా తెలిసింది. అదే ఇప్పుడు బీ1 అంటున్నాం. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. ఆ కోళ్ళు తిన్న అన్నమే మనమూ మన కోళ్ళకు వేస్తున్నాం. రోజూ గుప్పెడు తాజా తవుడు కలిపితే ఈ బాధ చాలా ఇళ్ళలో రాదు. తవుడు తాజాగా ఉండాలి. ముక్కిపోయిన తవుడు, వానాకాలంలో బూజు పట్టిన దాణా విటమిన్ ఈని పాడుచేస్తాయి. నెలకు మించి సరిపడా దాణా కొని పెట్టకండి.

రక్తపు రెట్టకు ఆంప్రోలియం వాడాక మెడ తిరిగితే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఆ మందు బీ1ను అడ్డుకుంటుంది.

5. ఎన్నాళ్ళు?

బీ1 లోపమే అయితే ఒకటి రెండు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. మిగతావాటికి రెండు మూడు వారాలు, కొన్నిసార్లు నెల పైన పడుతుంది. మా ఇంట్లో ఒక పుంజుకు నలభై రోజులు పట్టింది. మొదట పడుకున్నప్పుడు మెడ నిటారవుతుంది, తర్వాత నిలబడ్డప్పుడు, చివరికి భయపడ్డప్పుడు కూడా నిలుస్తుంది. టెన్షన్ పడితే మళ్ళీ తిరుగుతుంది, కాబట్టి పిల్లల్ని, కుక్కని పెట్టె దగ్గరికి రానివ్వకండి. మెడ నిలిచిన రోజే విటమిన్లు ఆపేయడం ఇంకో పెద్ద తప్పు. ఇంకో రెండు వారాలు ఇవ్వండి, ఆ తర్వాత ఆపండి. విటమిన్ ఈ నెలల తరబడి ఇవ్వాల్సిన పని లేదు.

తనంతట తాను తింటున్నా తాగుతున్నా నాలుగు రోజులు గమనించి, అప్పుడే గుంపులో కలపండి. ఒక్కసారిగా వదలకుండా, రెండు రోజులు జాలీ అవతల నుంచి చూసుకోనిచ్చి, మూడో రోజు చీకటి పడ్డాక గూట్లో మిగతావాటి పక్కన కూర్చోబెట్టండి. తెల్లారేసరికి మీరు అక్కడ ఉండండి, పొడుస్తున్నాయేమో చూడాలి.

కొత్తగా కోడిపిల్లల్ని తెస్తే కొక్కెర తెగులు రాకుండా ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లో లసోటా వ్యాక్సిన్ చుక్క, నాలుగో వారంలో మళ్ళీ ఒకటి, ఎనిమిదో వారంలో ఆర్2బీ వ్యాక్సిన్ సూది వేయించండి. పెరట్లో నాలుగే ఉన్నాయి కదా అని మానొద్దు. వ్యాక్సిన్‌ను ఐస్ పెట్టిన డబ్బాలో తెచ్చి, కలిపిన గంటలోపే వాడేయాలి.