గేమ్ సాఫీగానే నడిచింది, రికార్డింగ్‌లో కుదుపులెందుకు?

ఆడుతున్నంతసేపూ ఎక్కడా తడబాటు ఉండదు. తీరా వీడియో తెరిస్తే కెమెరా తిప్పినచోటల్లా కుదుపులు, లేదంటే బొమ్మను మధ్యలో అడ్డంగా కోసి పక్కకు జరిపినట్టు ఒక గీత. చాలామంది వెంటనే బిట్‌రేట్ (ఒక్కో సెకను వీడియోకు వాడే డేటా) పెంచేస్తారు. బిట్‌రేట్ పెంచితే పోయేది మసక, బొమ్మ గళ్లుగళ్లుగా విరగడం. కుదుపు మాత్రం అలాగే ఉంటుంది, ఫైల్ సైజు పెరుగుతుంది. కింద చెప్పేవన్నీ విండోస్‌లో ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల కోసం.

ముందు తేల్చుకోవాల్సింది: లోపం ఫైల్‌లో ఉందా, ప్లేయర్‌లోనా?

వీడియోను వీఎల్‌సీలో తెరిచి, కుదుపు వచ్చేచోట పాజ్ చేసి, కీబోర్డు మీద ‘ఈ’ (E) నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ (వీడియోలోని ఒక్కో బొమ్మ) జరపండి. కెమెరా నిదానంగా తిరిగే చోటు ఎంచుకుంటే తేడా బాగా తెలుస్తుంది. గేమ్ దృశ్యంలో ఒక స్తంభం లాంటిదేదైనా గమనించండి, నొక్కిన ప్రతిసారీ అది కాస్త కాస్త పక్కకు జరగాలి. మూడుసార్లు నొక్కినా కదలకుండా నాలుగోసారి ఒక్క గెంతు గెంతిందంటే ఫ్రేములు రికార్డింగ్‌లోనే పోయాయి. సమంగా జరిగితే ఫైల్ బాగున్నట్టే, ప్లే చేసే సిస్టమే దాన్ని మోయలేకపోతోంది. బొమ్మను కోసినట్టు వచ్చే గీతకూ (దీన్నే టేరింగ్ అంటారు) ఇదే పరీక్ష. పాజ్ చేసిన ఫ్రేములో స్తంభం పై సగం ఒకచోట, కింది సగం ఇంకోచోట ఉంటే ఆ చిరుగు ఫైల్‌లోనే ఉంది.

ఫైల్‌దే తప్పని తేలితే ఓబీఎస్‌లో డాక్స్ మెనూలోంచి ‘స్టాట్స్’ తెరిచి, 10 నిమిషాలు రికార్డ్ చేయండి. అందులో రెండు అంకెలు వేర్వేరుగా ఉంటాయి: రెండరింగ్ ల్యాగ్ (ఫ్రేము తయారీలో ఆలస్యం) వల్ల తప్పిన ఫ్రేములు, ఎన్‌కోడింగ్ ల్యాగ్ (దాన్ని వీడియోగా కుదించడంలో ఆలస్యం) వల్ల వదిలేసినవి. ఏది పెరుగుతోందో చూడకుండా సెట్టింగులు మార్చడం చీకట్లో తడుముకోవడమే. (‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ అన్నది నెట్‌వర్క్ లెక్క. లైవ్ స్ట్రీమింగ్‌కు తప్ప రికార్డింగ్‌కు దాంతో పని లేదు.)

రెండరింగ్ ల్యాగ్ పెరుగుతుంటే

60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేముల) రికార్డింగ్‌లో ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. ఆలోపే గేమ్ బొమ్మ, వెబ్‌క్యామ్, ఓవర్‌లేలు అన్నీ కలిపి ఓబీఎస్ ఒక ఫ్రేము తయారుచేయాలి. ఆ పనికి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కావాలి. గేమ్‌కు ఎఫ్‌పీఎస్ హద్దు పెట్టకపోతే అది జీపీయూను 99 శాతం దాకా వాడేసుకుంటుంది, ఓబీఎస్‌కు వంతు రాదు. “ఎన్వెంక్ పెట్టాను, అయినా కుదుపే” అనేవాళ్ల ఇబ్బంది దాదాపు ఎప్పుడూ ఇదే. ఎన్వెంక్ అంటే ఎన్విడియా జీపీయూలో వీడియోను కుదించడానికి విడిగా ఉండే భాగం, నిజమే. కానీ ఫ్రేము తయారై దాని దాకా చేరితేనే కదా!

గేమ్ సెట్టింగుల్లో ఎఫ్‌పీఎస్‌కు హద్దు పెట్టండి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ వాడకం 85-90 శాతం దగ్గర నిలిచేదాకా ఆ హద్దు దించండి, చాలకపోతే షాడోల నాణ్యత తగ్గించండి. ఓబీఎస్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిస్తే విండోస్ దానికి జీపీయూలో ముందు వరస ఇస్తుంది. ఖర్చు లేని పని, తప్పకుండా చేయండి. వాడని బ్రౌజర్ సోర్సులు (ఓబీఎస్‌లో చేర్చిన వెబ్‌పేజీలు) తీసేయండి, ప్రివ్యూ ఆపేయండి.

ఎన్‌కోడింగ్ ల్యాగ్ పెరుగుతుంటే

ఫ్రేములు తయారవుతున్నాయి, వాటిని కుదించే పని వెనకబడుతోంది. ఎన్‌కోడర్ ఎక్స్264 అయితే ఆ బరువంతా ప్రాసెసర్ మీదే. ఎన్విడియా కార్డుంటే ఎన్వెంక్, ఏఎండీ అయితే ఏఎంఎఫ్, ఇంటెల్ అయితే క్విక్‌సింక్‌కు మారండి. ఎక్స్264 తప్పనిసరైతే ప్రీసెట్ (వేగానికీ నాణ్యతకూ మధ్య ఎంపిక) ‘వెరీఫాస్ట్’ లేదా అంతకన్నా వేగమైనది. ఎన్వెంక్ కూడా వెనకబడుతుంటే ప్రీసెట్ పీ5 నుంచి పీ3కి దించి, లుక్-అహెడ్ (రాబోయే ఫ్రేములను ముందే చూసుకునే సదుపాయం) తీసేయండి. రేట్ కంట్రోల్ సీబీఆర్ (ఎప్పుడూ ఒకే బిట్‌రేట్) కాకుండా సీక్యూపీ (నాణ్యతను ఒకే స్థాయిలో ఉంచేది), విలువ 18-22 మధ్య. అంకె తగ్గేకొద్దీ నాణ్యతా ఫైల్ సైజూ పెరుగుతాయి.

రెండూ సున్నా, అయినా కుదుపు

ఇది లెక్క కుదరకపోవడం. గేమ్ 144 ఎఫ్‌పీఎస్, రికార్డింగ్ 60. 144ను 60తో భాగిస్తే 2.4. అంటే ఓబీఎస్ ఒకసారి రెండు ఫ్రేములకొకటి, ఒకసారి మూడింటికొకటి తీసుకుంటుంది, కదలిక సమంగా ఉండదు. గేమ్‌ను 120కో 60కో కట్టేస్తే లెక్క సరిపోతుంది. 60 ఎఫ్‌పీఎస్ వీడియోను 25 ఎఫ్‌పీఎస్ ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో వేసినా సరిగ్గా ఇదే 2.4 గొడవ, టైమ్‌లైన్ 60 లేదా 30 పెట్టండి.

చిరుగు గీత కనిపిస్తే

మానిటర్ పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తుండగా మధ్యలో కొత్త ఫ్రేము వచ్చి పడితే, పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ కనిపిస్తాయి. అదే టేరింగ్. ఫైల్‌లోకి కూడా వస్తోందంటే మొదట ఓబీఎస్ బొమ్మను ఎక్కడినుంచి తీసుకుంటోందో (సోర్స్) చూడండి. ‘డిస్‌ప్లే క్యాప్చర్’ తెరను తీసుకుంటుంది, ‘గేమ్ క్యాప్చర్’ నేరుగా గేమ్ నుంచే బొమ్మను తీసుకుంటుంది. రెండోదానికి మారితే చాలావరకు పోతుంది. డిస్‌ప్లే క్యాప్చర్ తప్పనిసరైతే గేమ్‌ను బోర్డర్‌లెస్ విండోలో నడిపి వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగంతో కలిపే సెట్టింగ్) ఆన్ చేయండి. గేమ్ క్యాప్చర్‌లోనూ గీత వస్తుంటే ఎఫ్‌పీఎస్ హద్దు పెట్టి, ఆ సోర్స్ సెట్టింగుల్లో ‘లిమిట్ క్యాప్చర్ ఫ్రేమ్‌రేట్’ టిక్ చేయండి.

ల్యాప్‌టాప్ అయితే

రెండు జీపీయూలుంటే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి, గేమ్ ఏ జీపీయూ మీద నడుస్తుందో ఓబీఎస్‌కూ అదే ఇవ్వండి (గేమ్ క్యాప్చర్‌కు మాత్రమే ఈ సలహా). కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారగానే జీపీయూకు అందే పవర్ పడిపోతుంది, కుదుపు అక్కడినుంచే మొదలవుతుంది. మొదటి పావుగంట బాగుండి తర్వాత పాడైతే అది వేడి. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఇది మామూలే. వెనకవైపు ఎత్తుగా పెట్టి, ఫ్యాన్లలో దుమ్ము తీయించండి.

డిస్క్ దగ్గర ఇబ్బంది తక్కువ. 50 మెగాబిట్ల రికార్డింగ్ కూడా సెకనుకు 6.25 ఎంబీయే రాస్తుంది, గంటకు 22.5 జీబీ. కాకపోతే గేమ్, రికార్డింగ్ రెండూ ఒకే పాత హార్డ్‌డిస్క్ మీద ఉంటే కొత్త మ్యాప్ లోడయ్యేటప్పుడు తడబాటు వస్తుంది, రికార్డింగ్‌ను వేరే డ్రైవ్‌కు మార్చండి. ఫ్యాట్32 ఫార్మాట్‌లోని పెన్‌డ్రైవ్ మాత్రం వద్దు, ఒక్కో ఫైల్ 4 జీబీ దాటదు.