3 మి.మీ. స్టీల్ పట్టీతో ఎల్ బ్రాకెట్: కొలత నుంచి వంపు దాకా

చేయబోయేది 20 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న మైల్డ్ స్టీల్ పట్టీతో ఒక ఎల్ బ్రాకెట్. వంచాక బయటి కొలతలు 40, 30 మి.మీ. రావాలి. పెద్ద కాలుకు (40 మి.మీ. వైపు) 5.5 మి.మీ. రంధ్రం, చిన్న కాలుకు ఎం5 థ్రెడ్ (5 మి.మీ. స్క్రూ పట్టే మర). వంచడం చివరి పనే అయినా లెక్క మాత్రం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పట్టీ ఎంత పొడవు కోయాలో ఆ వంపే చెబుతుంది.

ముందు లోహం సంగతి

మైల్డ్ స్టీల్‌లో కార్బన్ సుమారు 0.25 శాతం లోపే ఉంటుంది కాబట్టి చల్లగా ఉండగానే పగలకుండా వంగుతుంది. పోత ఇనుము ఇలా వంగదు, విరుగుతుంది. గట్టిపరిచిన అల్యూమినియం మిశ్రమాలు ఇంత బిగువు వంపుకు బయటి వైపు పగుళ్లిస్తాయి. అల్యూమినియమే వాడాలంటే వంపు చోట సబ్బు రుద్ది, అది నల్లబడేదాకా మంటతో వేడిచేసి చల్లార్చండి, మెత్తబడుతుంది. సబ్బు నల్లబడ్డాక మంట అలాగే ఉంచితే మాత్రం ముక్క కరిగిపోవచ్చు. అల్యూమినియం కరిగే ముందు ఎర్రబడి హెచ్చరించదు.

పట్టీ మీద నల్లటి పొలుసు ఉంటే అది లోపలి లోహం కంటే గట్టిగా ఉంటుంది. దాన్ని పాత ఆకురాయితో తీసేయండి, కొత్తదాని పళ్లు పాడుచేసుకోవద్దు.

పొడవు లెక్క

40కి 30 కలిపి 70 మి.మీ. కోసేస్తే ముక్క పొడవైపోతుంది. వంపులో లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. పొడవు మారని పొర లోపలి అంచుకు కాస్త దగ్గరగా, మందంలో సుమారు 0.4 వంతు లోతులో ఉంటుంది. లోపలి వ్యాసార్ధం 3 మి.మీ. అనుకుంటే, 90 డిగ్రీల వంపుకు పట్టే పొడవు 1.57 (3.14లో సగం) × (3 + 0.4 × 3), అంటే 6.6 మి.మీ. ప్రతి కాలులోనూ వంపుకు పోయే 6 మి.మీ. (వ్యాసార్ధం, మందం కలిపి) తీసేస్తే చదునుగా మిగిలేవి 34, 24. మొత్తం 64.6 మి.మీ.

గీత, కోత, ఆకురాయి

ఒక కొసను ముందుగా ఆకురాయితో సమం చేసి, ట్రై స్క్వేర్ (90 డిగ్రీల మూలమట్టం) ఆనించి వెలుతురుకు పెట్టి చూడండి. సందులోంచి వెలుగు కనబడకూడదు. కొలతలన్నీ ఈ కొస నుంచే తీయాలి. రెండు కొసల నుంచీ కొలిస్తే తప్పులు కలిసి పెరుగుతాయి. శుభ్రం చేసిన స్టీల్‌పై మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం పూస్తే ఎర్రటి రాగి పొర ఏర్పడి, స్క్రైబర్ (లోహంపై గీసే సూది) గీత స్పష్టంగా కనిపిస్తుంది. 15, 34, 40.6, 52.6 మి.మీ. దగ్గరా, చివరి పొడవు 64.6 దగ్గరా గీతలు గీయండి. 15, 52.6 రంధ్రాల మధ్యబిందువులు. 34, 40.6 మధ్య ఉన్నది వంపు భాగం.

హ్యాక్‌సాతో 66 దగ్గర కోసి, మిగిలినది ఆకురాయితో దించండి. బ్లేడుకు అంగుళానికి 24 పళ్లుండాలి, పళ్లు ముందుకు చూడాలి. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహం మీద ఉండాలి, లేకపోతే పన్ను అంచుకు తగులుకుని ఊడిపోతుంది. బ్లేడు పూర్తి పొడవునా, నిమిషానికి 40–50 సార్లకు మించకుండా కదపండి. పిడి లేని ఆకురాయిని ముట్టుకోవద్దు, దాని మొన అరచేతిలో దిగుతుంది.

రంధ్రాలు

వంచక ముందే వేయాలి, చదును ముక్కను బిగించడం తేలిక. అయితే రంధ్రం అంచుకూ వంపు మొదలయ్యే గీతకూ మధ్య కనీసం 6 మి.మీ. ఉండాలి, లేకపోతే వంచినప్పుడు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. ఇక్కడ రెండు చోట్లా అంతకంటే ఎక్కువే ఉంది.

సెంటర్ పంచ్ (మొన ఉన్న ఉలి లాంటి పనిముట్టు)తో కొట్టిన గుంట లేకుండా డ్రిల్ బిట్ పెడితే అది జారిపోతుంది. వేగం కోసం 1000 × కోత వేగం ÷ (3.14 × బిట్ వ్యాసం) వాడండి. హైస్పీడ్ స్టీల్ బిట్‌తో మైల్డ్ స్టీల్‌కు నిమిషానికి 25 మీటర్లు తీసుకుంటే, 5.5 మి.మీ. బిట్‌కు సుమారు 1450 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), ఎం5 థ్రెడ్ కోసం వేసే 4.2 మి.మీ. బిట్‌కు సుమారు 1900 వస్తుంది. యంత్రంలో సరిగ్గా ఆ వేగం లేకపోతే దాని కిందిది ఎంచుకోండి.

అసలు ప్రమాదం బిట్ అడుగు నుంచి బయటికి వచ్చే క్షణంలో ఉంది. పలుచటి లోహాన్ని బిట్ కొరికి పట్టుకుంటే చేత్తో పట్టిన ముక్క కత్తిలా గిరగిరా తిరుగుతుంది. కాబట్టి మెషిన్ వైస్‌లో బిగించి, కింద చెక్క పెట్టి, చివర్లో ఒత్తిడి తగ్గించండి. రక్షణ కళ్లజోడు తప్పనిసరి, చేతి తొడుగులు మాత్రం వద్దు. తిరిగే బిట్ వాటిని లోపలికి లాగేస్తుంది.

ట్యాప్‌ను (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్టు) నిటారుగా పెట్టి, నూనె వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పడం కోసిన లోహపు తునకను విరగ్గొట్టడానికి. బిగుసుకున్నప్పుడు బలం పెడితే ట్యాప్ విరుగుతుంది. విరిగిన ట్యాప్‌ను డ్రిల్‌తో తీయలేరు, అది బిట్ అంత గట్టిది.

వంపు

అంచును 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేసిన స్టీల్ దిమ్మను పట్టీతో కలిపి వైస్‌లో బిగించండి. దిమ్మ పై అంచు కంటే 3 మి.మీ. కిందికి 34 గీత రావాలి, ఎందుకంటే గుండ్రం మొదలయ్యేది అక్కడే. చెక్క ముక్క అడ్డం పెట్టి, వంపుకు దగ్గరగా కొట్టండి. కొస మీద కొడితే ఆ కాలు మొత్తం విల్లులా వంగుతుంది. వదిలేశాక లోహం ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి లేస్తుంది కాబట్టి 90 దాటించి, ట్రై స్క్వేర్‌తో చూసుకుంటూ సరిచేయండి. అదే చోట పదేపదే ముందుకూ వెనక్కీ వంచితే లోహం గట్టిపడి పగులుతుంది.

పూర్తయ్యాక రెండు కాళ్లనూ బయటి నుంచి కొలిచి కలపండి. 70 రావాలి. 70.5 వస్తే అదే దిమ్మ, అదే పట్టీతో చేసే తర్వాతి ముక్కను 64.1 కోయండి. 69.5 వస్తే 65.1.